నొప్పి వస్తేనే సాగుతాయంట!

పదకొండు దాటింది, నిద్ర పట్టట్లేదు. సాయంత్రం చిన్నోడు గిటార్ క్లాసు నుంచి రాగానే ఎడమచేతి వేళ్ళ సందుల్లో కుడిచేతి పిడికిలి పెట్టి విడదీసుకుంటున్నాడు. ఇదేంట్రా అంటే, "సార్ రోజూ ఇలా చేయమన్నారమ్మా, నొప్పి వస్తేనే సాగుతాయంట" అన్నాడు. ఎదిగే పిల్లాడికి చెప్పే మాటేనా ఇది?

ఈయనేమో, "నేర్పేవాడికి తెలీదా?" అని టీవీ వైపు తిరిగారు. తెలిసుండాలి కదా, నా కోపమే అది. వేళ్ళని ముడిచే ముఖ్యమైన కండరాలు ముంజేతిలో ఉంటాయి. వేళ్ళలోకి వచ్చేవి వాటి టెండన్లు, అంటే కండరాన్ని ఎముకకి కలిపే తాళ్ళలాంటివి. పిడికిలి పెట్టి లాగితే అవి పొడుగవ్వవు, చెయ్యి దెబ్బతినొచ్చు. బొటనవేలు గిటార్ మెడ (నెక్) వెనక కాస్త కిందికి దించి, మణికట్టు మరీ వంచకుండా ఉంచితే చిటికెన వేలు ఇప్పటికన్నా దూరం అందుతుంది. కాస్త అలసట ఫరవాలేదు. పోటో తిమ్మిరో వచ్చిందంటే ఆ రోజుకి ఆపేయాల్సిందే.

బొబ్బిలిలో మా మేనత్త గుర్తొచ్చింది. వేసవి సెలవుల్లో మధ్యాహ్నం ఇల్లంతా నిద్రపోతుంటే నన్ను పనసకర్ర వీణ ముందు కూర్చోబెట్టి, నా వేళ్ళ చివర్లకి తనే కొబ్బరినూనె రాసేది. తొలి పాఠాలైన సరళీ స్వరాలు మొదటి కాలంలో తడబడకుండా పలికేదాకా రెండో కాలం, అంటే రెట్టింపు వేగం, పట్టనిచ్చేది కాదు. నేను తొందరపడితే తాళం వేసే చెయ్యి ఆపేసి ఊరుకునేది. వేళ్ళు ఎర్రగా కందితే మాత్రం, "ఇవాళ్టికి చాల్లే అమ్మడూ, వీణ ఎక్కడికీ పోదు" అంటూ గవిసెన తొడిగేసేది. నేను ఇంకా వాయిస్తానని ఏడ్చినా వినేది కాదు.

ఇదంతా రేపు చిన్నోడికి చెబుదామనే మొదలుపెట్టాను. రాస్తుంటే తెలుస్తోంది, వీణ సంగతి వేరు. ఎడమచేతికి చూపుడు, మధ్య వేళ్ళే ముఖ్యం, మెట్ల మీద చెయ్యే జరుగుతుంది. గిటార్‌లో నాలుగు వేళ్ళూ నాలుగు ఫ్రెట్లు (మెడ మీద లోహపు కడ్డీల మధ్య గళ్ళు) పట్టాలి, కాబట్టి వేళ్ళు విచ్చుకునే సాధన వాడికి కావాలి. అంతవరకు సార్ మాట నిజమే. అత్త కాలాలు పెంచినట్టు ఇక్కడ ఫ్రెట్లు మార్చుకుంటూ రావచ్చు. 648 మిల్లీమీటర్ల స్కేల్ (మోగే తీగ పొడవు) ఉన్న గిటార్ మీద మొదటి ఫ్రెట్ వెడల్పు సుమారు 36 మిల్లీమీటర్లు, ఏడోది 26 లోపే. ఏడో ఫ్రెట్ దగ్గర మొదలుపెట్టి, నాలుగు వేళ్ళూ వరసగా నెమ్మదిగా వేసి, హాయిగా పలికాకే ఒక్కో ఫ్రెట్ చొప్పున మొదటి ఫ్రెట్ వైపు జరగాలి. ఐదో ఫ్రెట్‌లో కాపో (తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్పు) పెట్టినా కార్డులు, అంటే ఒకేసారి మోగించే స్వరాల గుంపులు, పట్టడానికి వేళ్ళు అంత చాపక్కర్లేదు. వాడు పడుకునే ముందు ఏడో ఫ్రెట్ దగ్గర ఒకసారి వేయించి చూశాను, నాలుగు స్వరాలూ శుభ్రంగా పలికాయి.

క్లాసు మాన్పించేద్దామని సాయంత్రమే తీర్మానించుకున్నాను. ఇప్పుడు వద్దనిపిస్తోంది. చిన్నోడికి లయ మీద వచ్చిన పట్టు ఆ సార్ చలవే. శనివారం నేనే వెళ్ళి మాట్లాడతాను. ఆ పిడికిలి వ్యవహారం మాత్రం రేపటి నుంచే బంద్, సార్ ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా.