ముందు సోఫాని గోడ దగ్గర్నుంచి లాగండి

పెద్ద గది దొరకగానే చాలామంది చేసే మొదటి పని, ఉన్న సామానంతా నాలుగు గోడలకీ ఆనించేసి మధ్యలో మైదానం వదిలేయడం. వచ్చినవాళ్లు "అబ్బ, ఎంత విశాలంగా ఉందో" అంటారు, కానీ కాసేపటికే లేచి వెళ్లిపోతారు, ఎందుకంటే అక్కడ ఎవరికీ కూర్చోబుద్ధి కాదు. గది 20 అడుగుల వెడల్పు ఉండి ఎదురెదురు గోడలకి రెండు సోఫాలు ఆనించారనుకోండి, ఒక్కో సోఫాకి 3 అడుగులు తీసేసినా మధ్యలో ఇంకా 14 అడుగుల ఖాళీ. అంత దూరం నుంచి కబుర్లేం చెప్పుకుంటాం, ప్రకటనలు చేసుకోవాలి తప్ప!

ఇది నా చాదస్తం కాదు. ఎడ్వర్డ్ హాల్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త 1960లలో మనుషులు ఒకరికొకరు ఎంత దూరంలో ఉండి మాట్లాడుకుంటారో గమనించి లెక్కలు రాశాడు. దగ్గరివాళ్లు ఒకటిన్నర నుంచి 4 అడుగులు, మామూలు పరిచయస్తులు 4 నుంచి 12, అది దాటితే ఇక సభలో ఉపన్యాసం ఇచ్చే దూరం. సమాజాన్ని బట్టి ఈ కొలతలు మారతాయని ఆయనే అన్నాడనుకోండి, అయినా 14 అడుగులు ఎక్కడైనా ఎక్కువే. కాబట్టి కొత్తగా ఏదీ కొనకముందే సోఫాలూ కుర్చీలూ ముందుకు లాగి, ఎదురెదురుగా కూర్చున్నవాళ్ల మధ్య ఏడెనిమిది అడుగులకి మించకుండా సర్దండి. గది మధ్యలో ఫర్నిచర్ తేలుతున్నట్టు మొదట్లో వింతగానే ఉంటుంది, రెండు రోజులు ఓపిక పట్టండి. సోఫా వెనక మనిషి నడిచేందుకు 3 అడుగులు ఉంటే చాలు.

సోఫా వెనకంతా బోసిగా ఉంటే మాత్రం కూర్చున్నవాళ్లకి ఏదో ఇబ్బందిగా అనిపిస్తూ ఉంటుంది. వీపు వెనక ఏదో ఒక అండ, కళ్ల ముందు నలుగురూ కనబడే చోటు, మనిషికి ఈ రెండూ కావాలి. ఆ అండ కోసం సోఫా వెనక దాని ఎత్తుకి మించని సన్నటి బల్ల ఒకటి వేసి, మీద ఒక ల్యాంప్, నాలుగు పుస్తకాలు పెట్టండి, సరిపోతుంది.

తర్వాత రగ్గు. పెద్ద గదిలో చిన్న రగ్గు వేయడం కంటే అసలు వేయకపోవడం నయం, అది కూర్చునే చోటుని కలపకపోగా గది ఎంత పెద్దదో వేలెత్తి చూపిస్తుంది. కనీసం సోఫా, కుర్చీల ముందు కాళ్లన్నా రగ్గు మీదికి రావాలి. అంటే 8 అడుగులకి 10, లేకపోతే 9కి 12, అంతకన్నా తక్కువైతే తేలిపోతుంది. కొనేముందు పాత న్యూస్ పేపర్లు ఆ కొలతకి నేల మీద పరిచి, ఎగరకుండా అంచులకి టేప్ అంటించి, ఒక పూట దాని చుట్టూ తిరిగి చూడండి. సైజు సంగతి దుకాణంలో కన్నా అక్కడే బాగా తెలుస్తుంది.

నన్నడిగితే ఎక్కువ తేడా తెచ్చేది మాత్రం లైటే. సీలింగ్ మధ్యలో ఉన్న ఒక్క తెల్లటి లైటు మూలమూలకీ ఒకేలా వెలుగిస్తుంది, అందుకే సాయంత్రమైతే పెద్ద గది వెయిటింగ్ హాల్‌లా తయారవుతుంది. దాన్ని ఆపేసి, కూర్చునే చోట రెండు మూడు ల్యాంపులు తక్కువ ఎత్తులో పెట్టండి. కూర్చున్న మనిషి కంటి ఎత్తుకి షేడ్ కింది అంచు రావాలి, లేకపోతే బల్బు నేరుగా కళ్లలోకి కొడుతుంది. వెలుగు పడిన మేరకే గది ఉన్నట్టు అనిపిస్తుంది, మిగతాది వెనక్కి తగ్గుతుంది. బల్బు డబ్బా మీద 2700 కెల్విన్ (అంటే పసుపు ఛాయ వెలుగు) అని ఉందో లేదో చూసి కొనండి, 6500 అంటే అది పగటి తెలుపు, చదువుకునే బల్ల దగ్గరికి పనికొస్తుంది కానీ ఇక్కడికి వద్దు. రెండూ ఒకే చోట కలిపితే మరీ ఘోరం. ఇంకో మాట, ల్యాంపులన్నీ ఒకే స్విచ్‌తో వెలిగేలా చూసుకోండి. రోజూ చుట్టూ తిరిగి ఒక్కొక్కటీ వేసే ఓపిక వారం తర్వాత ఎవరికీ ఉండదు, మళ్లీ ఆ సీలింగ్ లైటే గతి.

ఎవరూ పట్టించుకోనిది చప్పుడు. గది మధ్యలో నిలబడి ఒకసారి చప్పట్లు కొట్టండి, ఖంగుమని తిరిగొచ్చిందా? అయితే ఎన్ని దీపాలు పెట్టినా ఆ బోసితనం పోదు. 1895లో హార్వర్డ్‌లో కొత్తగా కట్టిన ఒక లెక్చర్ హాల్లో మాట ఐదు సెకన్లు దాటి మోగుతోందని, అదేంటో చూడమని వాలెస్ సాబిన్ అనే కుర్ర ఫిజిక్స్ అధ్యాపకుడికి అప్పజెప్పారు. ఆయన రాత్రిళ్లు పక్కనున్న థియేటర్ సీట్ల కుషన్లు మోయించుకొచ్చి, అవి పెరిగేకొద్దీ మోత ఎంత తగ్గుతోందో కొలిచాడు. తేలింది ఏమిటంటే, మిగతావన్నీ అలాగే ఉండి గది ఘనపరిమాణం రెట్టింపైతే మోత రెట్టింపు సేపు నిలుస్తుంది, శబ్దాన్ని పీల్చుకునేవి రెట్టింపైతే సగం సేపే. ఎత్తైన సీలింగ్ ఉన్నవాళ్లకి గుడ్డలు ఎక్కువ కావాల్సింది అందుకే. కర్టెన్ గుడ్డ కిటికీ వెడల్పుకి రెండింతలు తీసుకుని కుచ్చులు పడేలా వేయండి. పల్చటి నెట్ కర్టెన్ ఈ పనికి దండగ. రగ్గు కింద మందపాటి ప్యాడ్, గోడకి పుస్తకాల అలమరా కూడా సాయం చేస్తాయి.

గోడలకి ముదురు రంగు వేయిస్తే గది దగ్గరికొస్తుందంటారు, నిజమే, కాకపోతే అది చివరి పని. ముందు సర్దుళ్లు, లైట్లు, గుడ్డలు అయ్యాక చూస్తే సగంమందికి ఆ అవసరమే రాదు. అలాగే ఖాళీ కనబడిందని బొమ్మలూ, చిన్న చిన్న స్టూళ్లూ, ఫ్రేములూ కొని నింపకండి. పెద్ద గదిలో చిన్న వస్తువులు ఎన్ని పెట్టినా చిందరవందరే మిగులుతుంది. పది చిన్న ఫ్రేముల కన్నా ఒక పెద్ద పటం మేలు.

ఇంతా చేశాక ఇంకో సగం గది మిగులుతుంది కదా, దాన్నేం చేయాలి అంటారా? కిటికీ పక్కన ఒక కుర్చీ, దానికో ల్యాంప్, చేతికందేంత దూరంలో చిన్న బల్ల వేస్తే ఒక్కరు కూర్చునే రెండో చోటు తయారు. అది కూడా వద్దనుకుంటే అలా వదిలేయండి, పిల్లలుంటే పరిగెత్తడానికి వాళ్లకే కావాలి.