మా పడవ గేరు బాక్సు: నైంటీ ఆయిల్ తీసి ఎర్రది పోశాక

జనవరి 4, ఆదివారం

పడవ కొని ఆరు వారాలైంది. ఇరవై రెండడుగుల పాత ఫైబర్ బాడీ, చిన్న డీజిల్ ఇంజను, దాని వెనక హుర్త్ కంపెనీ హెచ్‌బీడబ్ల్యూ 100 మోడల్ గేరు బాక్సు. పున్నమి ఘాట్ నుంచి భవానీ ఐలాండ్ వైపు ఎదురుగాలిలో వెళ్తుంటే ఇంజను గొంతు లేస్తోంది తప్ప పడవ వేగం పెరగడం లేదు. అంటే గేరు బాక్సులోని క్లచ్ జారి, ఇంజను తిప్పుడు పంకా దాకా పూర్తిగా అందడం లేదు. 2024 సెప్టెంబరు వరదలో బోట్లు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్లకు గుద్దుకున్న సంగతి బెజవాడలో ఎవరూ మర్చిపోలేదు. ఇప్పుడు నీళ్లు నిలకడగానే ఉన్నాయనుకోండి. అయినా బ్యారేజీకి ఎగువన జారే గేరుతో తిరిగే ధైర్యం నాకు లేదు.

ఎంత జారుతోందో తేల్చుకుందామని పడవను ఘాట్‌కు రెండు మోకులతో కట్టేశాను. పంకాను తిప్పే షాఫ్టు మీద మెరిసే టేపు ముక్క అంటించి, నిమిషానికి ఎన్ని చుట్లో చూపే చేతి టాకోమీటరుతో చూశాను. బాక్సు నిష్పత్తి 2.05. అంటే ఇంజను 2000 తిరిగితే షాఫ్టు 975 దాకా తిరగాలి. ముందు గేరులో నాకొచ్చింది 860. రివర్స్‌లో జారడం చాలా తక్కువ. ఈ తేడా ఏంటో అప్పుడు అర్థం కాలేదు, పుస్తకంలో రాసి పెట్టుకున్నాను.

జనవరి 11, ఆదివారం

అడుగున డ్రెయిన్ బోల్టుకు చెయ్యి పట్టలేదు. పెద్ద సిరంజీకి సన్న గొట్టం తగిలించి డిప్‌స్టిక్ రంధ్రంలోంచి లాగాను. నల్లగా, తేనెలా చిక్కగా వచ్చింది. ముక్కు బద్దలయ్యే గంధకం వాసన, దాని కింద మాడు వాసన. పాలలా తెల్లబడలేదు కాబట్టి నీళ్లు చేరలేదని ఊపిరి పీల్చుకున్నాను. అమ్మినాయనకు ఫోన్ చేస్తే, "జారుతోందని మా మెకానిక్ నైంటీ ఆయిల్ పోశాడండీ, చిక్కగా ఉంటే పట్టుకుంటుందని," అన్నారు.

నైంటీ అంటే లారీ గేర్లకు పోసే చిక్కటి నూనె. పట్టు చిక్కదనంతో వచ్చేదైతే బెల్లం పాకం పోసుకుంటే సరిపోయేది. ఈ బాక్సులో క్లచ్ ప్లేట్లు నూనెలో మునిగే ఉంటాయి. వాటిని నొక్కగానే మధ్యలోని నూనె చప్పున పక్కకు తప్పుకోవాలి. నైంటీ తప్పుకోదు. పైగా గేర్ల పళ్ల కోసం అందులో కలిపే మందులు ప్లేట్లను ఇంకా జారుడు చేస్తాయి. బైకులో కారు ఇంజను ఆయిల్ పోసి క్లచ్ జారించుకున్నవాళ్లకు ఇది తెలిసిన కథే. బైకు ఆయిల్ డబ్బా మీద జాసో ఎంఏ అని, అంటే నూనెలో మునిగే క్లచ్‌కు పనికొస్తుందనే గుర్తు, చూసి కొనేది అందుకేగా. హుర్త్ మాన్యువల్ అడిగేది ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ గేర్ల కార్లలో పోసే పల్చటి నూనె, అందులో డెక్స్‌రాన్ అనే రకం. అలాగని ప్రతి పడవకూ ఇదే పోసేయకండి. ఇంజను ఆయిల్‌తోనే నడిచే మెరైన్ గేరు బాక్సులూ ఉన్నాయి. ముందు బాక్సు మీది పేరు ప్లేటు తుడిచి మోడల్ చదవాలి.

ఆటోనగర్‌లో ఏటీఎఫ్ అంటే షాపాయన ఒక్క క్షణం ఆగి, "పవర్ స్టీరింగ్ ఆయిలేగా బాబూ, ఎర్రది?" అన్నాడు. అదే. సీవీటీ అనే ఇంకో రకం ఆటోమేటిక్ గేర్ల ఆయిల్ కూడా చూపించాడు, అది వేరు, వద్దన్నాను. డెక్స్‌రాన్ 6 ఇంకాస్త పల్చన కాబట్టి డెక్స్‌రాన్ 3 అని రాసున్న డబ్బాలే రెండు తీసుకున్నాను. ఒకటి కడగడానికే. పోసి పది నిమిషాలు తిప్పి లాగేస్తే ముదురు గోధుమ రంగులో వచ్చింది. రెండోసారి పోసింది ఎర్రగా నిలిచింది. డిప్‌స్టిక్ విషయంలో నేనే తప్పు చేశాను. మర బిగించి చూసి ఎక్కువైందనుకున్నాను. దీన్ని బిగించకుండా ఊరికే ఆనించి చూడాలి.

కట్టేసిన పడవలో మళ్లీ 2000 దగ్గర చూస్తే షాఫ్టు 930. సగానికి పైగా బాగుపడింది, కానీ పూర్తిగా కాదు.

జనవరి 18, ఆదివారం

పండగ మూడు రోజులూ అరిసెలు తింటూ ఆ రివర్స్ సంగతే ఆలోచించాను. తప్పంతా నూనెదే అయితే రెండు వైపులా ఒకేలా జారాలి కదా. ఇవాళ స్కేలు పెట్టి గేరు లివరు కదలిక కొలిచాను. కేబులు బయటి రంధ్రానికి తగిలించి ఉంటే న్యూట్రల్ నుంచి అటూ ఇటూ కనీసం 35 మిల్లీమీటర్లు రావాలి. రివర్స్‌కు 46 వస్తోంది, ముందుకు 27! ప్లేట్ల మీద పూర్తి ఒత్తిడి పడకముందే కేబులు ఆగిపోతోంది. ఘాట్‌లో సరంగు ఒకాయన చూసి, "కేబులు బిగింపు జరిపితే సరి, బాక్సు మూత మాత్రం ముట్టుకోకు తమ్ముడూ," అన్నాడు. నిజమే, లివరుండే ఆ మూతను ఫ్యాక్టరీలో కొలిచి బిగిస్తారు. కేబులు క్లాంపు ఒక పక్కకు జరిపాక ముందుకు 36, రివర్స్‌కు 37 వచ్చాయి. ఇంకొంచెం ఎక్కువ ఉన్నా నష్టం లేదు, తక్కువైతేనే ప్లేట్లు మాడేది.

జనవరి 25, ఆదివారం

2000 దగ్గర షాఫ్టు 975. ఐలాండ్ దాకా వెళ్లొచ్చాను. కానీ నలభై నిమిషాలు నడిచి బాక్సు వేడెక్కాక 2600 పెడితే 1268 రావాల్సింది 1235 వచ్చింది. ఇన్నాళ్లు అరకొర ఒత్తిడితో తిరిగిన ముందు గేరు ప్లేట్లు కొంత అరిగాయన్నమాట. బాక్సు విప్పేదాకా 2000 దాటించను, తెడ్లు రెండూ పడవలోనే ఉంటాయి. పాతికగంటల తర్వాత ఈ నూనె కూడా లాగి, తెల్ల గుడ్డ మీద పోసి అరుగుడు పొడి ఎంతుందో చూస్తాను. ఇప్పటికి నాలుగున్నర గంటలైంది.