బటన్ లేకపోవడమే కాపలాగా ఉన్న చోట

మంగళవారం, రాత్రి

ఈరోజు పూర్తిచేద్దామనుకున్నది ఒకే ఒక్క తెర. 'పని వివరాలు' తెర. యంత్రాలు బాగుచేసే టెక్నీషియన్లు మా అప్లికేషన్‌లో రోజూ ఎక్కువసార్లు తెరిచేది దాన్నే. ఏ యంత్రం, ఏం ఫిర్యాదు, ఏయే విడిభాగాలు వాడారు, పని ముగిసిందా లేదా, అంతే ఉంటుంది అందులో. సర్వర్‌లో ఉన్న దాని టెంప్లేటు, అంటే పేజీకి అచ్చు, 140 లైన్లు. మధ్యాహ్నానికల్లా మొబైల్ యాప్‌లోకి తెచ్చేస్తానని పొద్దున అనుకున్నాను. ఇప్పుడు రాత్రి తొమ్మిదిన్నర. తెర ఇప్పుడే అయింది. రోజంతా ఎక్కడ పోయిందో మరిచిపోకముందే రాసుకోవాలి.

మా అప్లికేషన్ జాంగోలో (పైతాన్ భాషలో వెబ్‌సైట్లు కట్టే చట్రం) రాసింది. పేజీ మొత్తం సర్వర్‌లోనే తయారవుతుంది. బ్రౌజర్ అడుగుతుంది, సర్వర్ డేటాబేస్ చూసి, టెంప్లేటు నింపి, పూర్తి హెచ్‌టీఎంఎల్ ఇస్తుంది. బ్రౌజర్‌కి దాన్ని చూపించడమే పని. ఏళ్ల తరబడి ఈ పద్ధతి మాకు బాగా పనిచేసింది, ఇప్పటికీ ఆఫీసులో కూర్చుని వాడేవాళ్లకు ఇదే మంచిదని నా నమ్మకం. చిక్కు టెక్నీషియన్లకు వచ్చింది. వాళ్లు పనిచేసే యంత్రాలు నేలమాళిగల్లో, లిఫ్టు గదుల్లో ఉంటాయి. అక్కడ సిగ్నల్ ఉండదు. సిగ్నల్ లేకపోతే పేజీయే లేదు. మోకాళ్ల మీద కూర్చుని, నూనె చేతులు తుడుచుకుని, ఐదారు వాక్యాలు టైపు చేసి సేవ్ నొక్కితే తెల్లటి ఎర్రర్ పేజీ వస్తుంది. వెనక్కి వెళ్తే రాసినదంతా పోయి ఉంటుంది. ఒకాయన ఫోన్ చేసి, "అదే రిపోర్టు మూడుసార్లు రాశానండీ, నాలుగోసారి కాగితం మీద రాసుకుని ఇంటికెళ్లి ఎక్కించాను" అన్నారు. వెబ్ పేజీల పద్ధతిలో రాసి ఫోన్‌లో యాప్‌గా నడిపే హైబ్రిడ్ యాప్ ఆలోచన ఆ మాటతోనే మొదలైంది.

మొదట దగ్గరి దారి చూశాం. యాప్ లోపలే వెబ్ పేజీలు చూపించే వెబ్‌వ్యూ ఒకటి పెట్టి, దానికి మా సైటు అడ్రస్ ఇచ్చేయడం. రెండు రోజుల్లో అయిపోయింది, ఫోన్‌లో ఐకాన్ కూడా వచ్చింది. కానీ నేలమాళిగలో అదే తెల్లటి పేజీ. పైగా, సైటునే ఒక డబ్బాలో పెట్టి పంపిన యాప్‌లను ఒప్పుకునేది లేదని ఆపిల్ నియమావళిలో 4.2 సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. వాళ్ల కారణం వేరు, మా కారణం వేరు, అయినా నిర్ణయం ఒకటే. అందుకని తెరలన్నీ ఫోన్‌లోనే ఉండాలి, సర్వర్ నుంచి సమాచారం మాత్రమే రావాలి అనుకుని, వెబ్ కోడ్‌ని ఫోన్ యాప్‌గా మార్చే కెపాసిటర్‌కి మారాం.

ఈ దారి కొత్తదేమీ కాదు. 2008లో ఫోన్‌గ్యాప్ పేరుతో మొదలైంది. దాన్ని తయారుచేసిన నిటోబీని 2011లో అడోబీ కొన్నాక, కోడ్ అపాచీ సంస్థకు చేరి కార్డోవా అయింది. నేను నేర్చుకున్నదీ కార్డోవాలోనే. అప్పట్లో ఒకే పేజీ ఒక్కో ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఒక్కో రకంగా కనిపించేది. ఆండ్రాయిడ్ 4.4లో వెబ్‌వ్యూకి క్రోమ్ బ్రౌజర్‌కి ఆధారమైన క్రోమియం ఇంజిన్ వచ్చింది, 5.0 నుంచి అది స్టోర్ ద్వారా విడిగా అప్‌డేట్ అవడం మొదలైంది. ఈ రెండు మార్పులూ రాకపోయి ఉంటే ఈ పనికి నేను ఒప్పుకునేవాణ్ని కాదు.

పొద్దున మొదటి అడ్డంకి లాగిన్. సైటులో లాగిన్ అంటే సెషన్ కుకీ, లాగిన్ అయ్యారని గుర్తుపట్టే చిన్న చీటీ. సర్వర్ ఇస్తుంది, బ్రౌజర్ దాచుకుంటుంది, ప్రతిసారీ తనే జతచేసి పంపుతుంది. మనం దాని గురించి ఆలోచించనే అక్కర్లేదు. యాప్‌లో పరిస్థితి వేరు. తెరలు లోకల్‌హోస్ట్ నుంచి, అంటే ఫోన్ సొంత అడ్రస్ నుంచి వస్తున్నాయి, సర్వర్ ఇంకో డొమైన్‌లో ఉంది. అంటే వెబ్‌వ్యూ దృష్టిలో మా సర్వర్ కుకీ బయటివాళ్ల కుకీ. ఐఓఎస్ 14 నుంచి అలాంటి కుకీలను వెబ్‌వ్యూ అడ్డుకుంటుంది. ఆండ్రాయిడ్‌లో లాగిన్ అవుతోంది, ఐఫోన్‌లో పాస్‌వర్డ్ సరిగ్గా ఇచ్చినా మళ్లీ లాగిన్ తెరకే వస్తోంది. కుకీని ఎలాగైనా నిలబెట్టాలని గంటసేపు చూశాను. తర్వాత అనిపించింది, ఎందుకు? యాప్‌కి టోకెన్, అంటే లాగిన్‌కి రుజువుగా ఒక రహస్య సంకేతం, ఇద్దాం. లాగిన్ అయినప్పుడు సర్వర్ టోకెన్ ఇస్తుంది, యాప్ దాన్ని ఐఫోన్‌లో కీచైన్‌లో, ఆండ్రాయిడ్‌లో కీస్టోర్ రక్షణలో దాచి, ప్రతి అభ్యర్థన హెడర్‌లో (ముందుండే వివరాల భాగంలో) తనే పెట్టి పంపుతుంది. దీనివల్ల ఇంకో మంచి జరిగింది. వేరే సైటు మన పేరుతో అభ్యర్థన పంపకుండా ఆపే సీఎస్ఆర్ఎఫ్ టోకెన్ అవసరమైంది కుకీ తనంతట తాను వెళ్తుంది కాబట్టి. ఇక్కడ ఏదీ తనంతట తాను వెళ్లదు కాబట్టి యాప్ దారిలో ఆ బెడద లేదు. సైటుకి మాత్రం పాత పద్ధతే ఉంచాను.

టోకెన్ పెట్టాక కూడా అభ్యర్థనలు వెళ్లలేదు. వేరే డొమైన్‌కి హెడర్ జతచేసి పంపాలంటే వెబ్‌వ్యూ ముందుగా ఆప్షన్స్ అభ్యర్థన ఒకటి పంపి, పంపవచ్చా అని అడుగుతుంది. ఆ ముందస్తు ప్రశ్నలో లాగిన్ వివరాలేవీ ఉండవు. మా సర్వర్‌లో లాగిన్ లేని ఎవరినైనా లాగిన్ పేజీకి మళ్లించే కోడ్ అన్నిటికంటే ముందు కూర్చుని ఉంది. అది ఈ ప్రశ్ననూ మళ్లించేసింది. ముందస్తు ప్రశ్నకు మళ్లింపు జవాబుగా చెల్లదు, కథ అక్కడే ఆగిపోయింది. వరుస మార్చాను, మా యాప్ వచ్చే రెండు అడ్రసులను మాత్రమే అనుమతించాను. అందరినీ అనుమతించే నక్షత్రం గుర్తు (*) పెడితే ఒక్క నిమిషంలో అయ్యేది. ఆ పని చేయలేదు.

అదే మళ్లింపు మధ్యాహ్నం ఇంకో వేషంలో వచ్చింది. టోకెన్ గడువు తీరితే ఏమవుతుందో చూద్దామని కావాలని దాన్ని పాడుచేశాను. రావాల్సింది 401, అంటే లాగిన్ చెల్లదని. వచ్చింది 200, అంటే అంతా బాగానే ఉందని. ఆ వెంటనే జేసన్ (ప్రోగ్రాములు సమాచారం మార్చుకునే రూపం) చదవలేకపోతున్నానని, మొదట్లోనే కోణపు బ్రాకెట్ ఉందని ఎర్రర్. జరిగింది ఇది: సర్వర్ లాగిన్ పేజీకి మళ్లించింది, యాప్ తరఫున అభ్యర్థన పంపే ఫెచ్ ఆ దారినే వెళ్లి, లాగిన్ పేజీ హెచ్‌టీఎంఎల్ తెచ్చి, విజయవంతం అని నా చేతిలో పెట్టింది. మనిషికి చూపించడానికైతే అది సరైన మర్యాదే. ప్రోగ్రాముకి మాత్రం అది అబద్ధం. ఏపీఐ దారుల్లో, అంటే యాప్‌కి సమాచారం ఇచ్చే అడ్రసుల్లో, మళ్లింపు పూర్తిగా తీసేశాను.

ఇక అసలు విషయం. ఇది రాయడానికే కూర్చున్నాను.

టెంప్లేటు పక్కన పెట్టుకుని, అందులో ఏ సమాచారం వాడామో ఒక్కొక్కటీ జేసన్‌లోకి చేరుస్తున్నాను. సగానికి వచ్చేసరికి ఒక ఇఫ్ లైను, అంటే షరతు, కనిపించింది. పనికి కావాల్సిన విడిభాగాలు ఇంకా రాకపోతే, చూస్తున్నది సూపర్‌వైజర్ కాకపోతే, 'పని ముగించు' బటన్ చూపించవద్దు. మంచి నియమమే. విడిభాగం బిగించకుండా యంత్రం బాగైందని నమోదు చేయకూడదు కదా. యాప్‌లోనూ అదే పెడదామని, ముందుగా ఆ బటన్ నొక్కితే సర్వర్‌లో నడిచే వ్యూ ఫంక్షన్ తెరిచాను. ఆ నియమం అందులో లేదు. లాగిన్ అయ్యారా అన్నది చూస్తోంది, ఆ పని వాళ్లకు అప్పగించిందేనా అన్నది చూస్తోంది, ముగించేస్తోంది. విడిభాగాల ఊసే లేదు.

అంటే ఇన్నేళ్లూ ఆ నియమాన్ని కాపాడింది బటన్ కనిపించకపోవడమే. ఎవరూ నొక్కలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. యాప్‌లో ఆ రక్షణ పనికిరాదు. ఎందుకో నాకు వెంటనే తట్టలేదు, కాగితం మీద గీసుకుంటే తెలిసింది. సైటులో పేజీ తయారైన క్షణంలోనే నియమం కూడా అమలవుతుంది, ఆ క్షణానికీ బటన్ నొక్కడానికీ మధ్య ఉండేది కొన్ని నిమిషాలు. యాప్‌లో టెక్నీషియన్ పొద్దున సిగ్నల్ ఉన్నప్పుడు సమాచారం దింపుకుంటాడు, నేలమాళిగలో ముగించు నొక్కుతాడు, సాయంత్రం బయటికొచ్చాక అది సర్వర్‌కి చేరుతుంది. ఈలోగా సూపర్‌వైజర్ ఆ పనికి ఇంకో విడిభాగం చేర్చి ఉండవచ్చు. ఫోన్‌కి ఆ సంగతి తెలిసే అవకాశమే లేదు. తెలిసేది సర్వర్ ఒక్కదానికే, అది కూడా అభ్యర్థన చేరిన ఆ క్షణంలో.

తీగ లాగితే డొంకంతా కదిలింది. ఆ ఒక్క టెంప్లేటులోనే ఇలాంటి ఇఫ్‌లు ఐదు దొరికాయి. మూడు కేవలం అందం కోసం రాసినవి: ఫోన్ నంబరు లేకపోతే గీత చూపించడం లాంటివి. మిగతా రెండూ నిజమైన నియమాలు. ఒకటి ముగించు బటన్. రెండోది, ముగిసిన పనిలో రిపోర్టు దిద్దే పెట్టె కనిపించకపోవడం. దానికీ వెనక తనిఖీ లేదు.

సాయంత్రం టీమ్‌లో అందరికంటే పాత మనిషితో మాట్లాడాను. ఆ టెంప్లేటు మొదట రాసింది ఆయనే. "సార్, ఇది ఇలా ఎందుకు పెట్టారు?" అని అడగడానికి కాస్త మొహమాటపడ్డాను. ఆయన కోడ్ చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అప్పుడు సాయంత్రానికల్లా కావాలన్నారు బాబూ. బటన్ తీసేస్తే సరిపోయింది. వెనక కూడా పెడదామనే అనుకున్నాను, తర్వాత గుర్తు రాలేదు" అన్నారు. ఆయనను తప్పుపట్టాలని నాకు అనిపించలేదు. ఇద్దరం పక్కపక్కన కూర్చుని ఆ నియమాన్ని బయటికి తీశాం. పనినీ మనిషినీ ఇస్తే, ముగించవచ్చా లేదా, కుదరకపోతే ఎందుకు అన్నది చెప్పే చిన్న ఫంక్షన్. ఇప్పుడు టెంప్లేటు దాన్నే అడుగుతుంది, వ్యూ దాన్నే అడుగుతుంది, ఏపీఐ కూడా దాన్నే అడిగి ఆ జవాబును జేసన్‌లో చేర్చి పంపుతుంది. యాప్ బటన్ చూపించాలా వద్దా అన్నది ఆ జవాబును బట్టి నిర్ణయించుకుంటుంది. నియమాన్ని జావాస్క్రిప్టులో మళ్లీ రాయలేదు. రాసి ఉంటే రెండు నెలల్లో ఆ రెండూ వేరువేరు మాటలు చెప్పేవి.

రాయకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. సైటులో తప్పు దొరికితే దిద్ది పెట్టేస్తాం, పేజీ మళ్లీ తెరిచిన ప్రతివాళ్లకూ కొత్తదే వస్తుంది. యాప్ అలా కాదు. మనం పంపిన కోడ్ వాళ్ల ఫోన్‌లోనే ఉండిపోతుంది, అప్‌డేట్ చేసుకునేదాకా పాతదే నడుస్తుంది. జేసన్‌లో ఒక పేరు మార్చాలన్నా పాత యాప్‌లు గుర్తుకు రావాలి. అందుకే ప్రతి అభ్యర్థనతో యాప్ వెర్షన్ పంపేలా ఈరోజే పెట్టేశాను.

తేదీల దగ్గర కొంచెం సమయం పోయింది. టెంప్లేటు స్థానిక సమయంలోకి తనే మార్చి చూపించేది, జేసన్‌లో యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) వెళ్తోంది. సమయం లేకుండా తేదీ మాత్రమే పంపితే జావాస్క్రిప్టు దాన్ని యూటీసీ అర్ధరాత్రిగా తీసుకుంటుంది, కొన్ని టైమ్ జోన్లలో ముందురోజు కనిపిస్తుంది. పని తేదీని తేదీ రకంగా మార్చకుండా, వచ్చిన అక్షరాలనే చూపించేశాను.

చివరగా పరీక్ష. మా టెస్టర్ ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి రిపోర్టు రాసి, ముగించు నొక్కి, ఏమీ కదలట్లేదనుకుని మళ్లీ నొక్కింది. సిగ్నల్ రాగానే రెండూ వెళ్లాయి, రిపోర్టు రెండుసార్లు నమోదైంది. "నేను నొక్కకూడదా అన్నా?" అంది. నొక్కాలి, అందరూ నొక్కుతారు. రిపోర్టు మొదలుపెట్టినప్పుడే ఫోన్ దానికి ఒక ప్రత్యేక గుర్తు తయారుచేసేలా మార్చాను. ఎన్నిసార్లు పంపినా గుర్తు అదే. సర్వర్‌లో ఆ కాలమ్‌కి యునిక్ షరతు, అంటే ఒకే గుర్తు రెండుసార్లు చేరకూడదని, పెట్టాను. రెండోసారి వస్తే కొత్త వరుస చేర్చకుండా మొదటిసారి ఇచ్చిన జవాబే ఇస్తుంది. సిగ్నల్ మధ్యలో పోయి జవాబు ఫోన్‌కి చేరని సందర్భంలో కూడా ఇదే ఆదుకుంటుంది.

తొమ్మిదింటికి ఇద్దరం మళ్లీ చేశాం. ఏరోప్లేన్ మోడ్. నాలుగు వాక్యాలు, ఒక ఫొటో, ముగించు. తెర పైన 'పంపాల్సినవి: 1' అని వచ్చింది. ఈలోగా నేను కంప్యూటర్లో సూపర్‌వైజర్‌గా లాగిన్ అయి ఆ పనికి కొత్త విడిభాగం ఒకటి చేర్చాను. ఆమె సిగ్నల్ ఆన్ చేసింది. రెండు క్షణాల తర్వాత ఫోన్‌లో, "రిపోర్టు చేరింది. విడిభాగం రావాల్సి ఉంది కాబట్టి పని ఇంకా తెరిచే ఉంది" అని కనిపించింది. రాసిన నాలుగు వాక్యాలూ, ఫొటో అక్కడే ఉన్నాయి.

రేపు విడిభాగాల జాబితా తెర. దాని టెంప్లేటు 310 లైన్లు. పడుకునేముందు ఒకసారి వెతికి చూశాను, అందులో ఇఫ్‌లు 22 ఉన్నాయి.