లిక్టెన్‌స్టైన్ చుక్కలు: చెంప దగ్గర ఆగిపోయిన బొమ్మ

చుక్కలు మళ్లీ పాకాయి. మెడ మీద, గడ్డం దగ్గర అంచు చెదరకుండా గుండ్రంగా నిలిచినవి చెంప మధ్యకు వచ్చేసరికి దాదాపు ఒకదానినొకటి తాకేంతగా ఉబ్బాయి. కామిక్ బొమ్మలను అచ్చు చుక్కలతో సహా పెద్ద కాన్వాసుల మీద వేసిన అమెరికన్ చిత్రకారుడు రాయ్ లిక్టెన్‌స్టైన్ పద్ధతిలో ఈ బొమ్మ వేస్తున్నాను. ఆయన పని వరుసలో చుక్కలు ముందు, నిండు రంగులు తరువాత, నల్ల గీతలు చివర. అందుకే చెంప తేలేదాకా ఫోను పట్టుకున్న ఈ అమ్మాయి జుట్టుకు పసుపు కూడా వేయలేను. చాలా చిరాగ్గా ఉంది.

పెన్సిల్ గీత మాత్రం అద్భుతంగా కుదిరింది. ఆయనలాగే చిన్న కాగితం మీద గీసుకుని ప్రొజెక్టర్‌తో కాన్వాస్ మీదికి పెంచాను.

ఇక చెంప సంగతి. చుక్కలు వేయడానికి కాన్వాస్ మీద ఆనించి, చిల్లుల గుండా రంగు అద్దే నా రేకు అర మిల్లీమీటరు మందం అల్యూమినియం. చిల్లు 4 మి.మీ., ఒక చిల్లు నడిమి నుంచి పక్కదాని నడిమికి 6 మి.మీ., పై వరుస సందుల్లోకి కింది వరుస వస్తుంది. లెక్క ప్రకారం తెల్లని నేలలో 40 శాతాన్ని ఎరుపు కప్పాలి. నాలుగు అడుగుల దూరం నుంచి అదే చర్మపు గులాబీ రంగు. చెంప మధ్య చుక్కలను కాలిపర్‌తో కొలిస్తే 5.2 మి.మీ. వచ్చాయి. అంటే 2 మి.మీ. ఉండాల్సిన సందు 0.8కి తగ్గింది, ఎరుపు 68 శాతానికి పెరిగింది. ముఖం గులాబీగా కాక కందిపోయినట్టు కనిపిస్తోంది.

మొదటి అనుమానం కాన్వాస్ మీద. చెక్క చట్రానికి దూరంగా, నడుమ భాగంలో బట్ట ఒత్తిడికి లోపలికి వంగుతుంది, రేకు వంగదు. మధ్యలో రేకు కిందికి మామూలు తెల్లకాగితాలు నాలుగు దూరాయి, అంటే సుమారు 0.4 మి.మీ. సందు. వెనక చట్రంలో ప్లైవుడ్ ముక్క బిగిస్తే ఒక్క కాగితమే దూరింది, చుక్క 4.6కి దిగింది. అయినా ఎరుపు 53 శాతం.

రెండో అనుమానం నేత మీద. భూతద్దంలో చూస్తే చుక్కలకు అడ్డపోగుల వెంట చిన్న చెవులు మొలిచి ఉన్నాయి. గెస్సో, అంటే రంగు వేసే ముందు కాన్వాస్‌కు పూసే తెల్లని పూత, మరో రెండుసార్లు వేసి, 400 నంబరు ఉప్పుకాగితంతో రుద్దాను. చెవులు పోయాయి, ఉబ్బు పోలేదు.

అసలు దొంగ రేకు అడుగు అని ఇప్పుడు నా నమ్మకం. శుభ్రమైన రేకు మొదటిసారి ఆనించినప్పుడు చుక్క 4.2 వస్తోంది. పక్కకు జరిపి వేస్తే 4.6. మూడో చోటుకు 5 దాకా పోతోంది. చిల్లుల అంచులకు కింద అంటుకున్న తడి రంగు తరువాతి చోట నలిగి పరుచుకుంటోంది. తడిగుడ్డతో తుడిస్తే చిల్లుల్లో మిగిలిన చెమ్మ రంగును పలుచన చేసి అదే పని చేస్తోంది. రంగు చిక్కదనంలో లోపం లేదు. లిక్విటెక్స్ హెవీ బాడీ అనే చిక్కటి అక్రిలిక్ రంగును నీటి చుక్క కలపకుండా స్పాంజితో అద్దుతున్నాను. ఖరీదెక్కువే, కానీ ఈ పనికి సీసాల్లో వచ్చే పలుచటి అక్రిలిక్ దండగ.

1961లో ‘లుక్ మికీ’ అనే చిత్రానికి లిక్టెన్‌స్టైన్ కుక్కల బొచ్చు దువ్వే బ్రష్‌ను రంగులో ముంచి చుక్కలు అద్దారు. అవి హెచ్చుతగ్గులుగా ఉంటాయి, నాకు ఆ బొమ్మలో అవే ఇష్టం. 1963 నాటికి చిల్లుల లోహపు రేకు గుండా నూనె రంగును గట్టి బ్రష్‌తో నెట్టే పద్ధతికి వచ్చేశారు. ఆ ఏడాదిదే ‘డ్రౌనింగ్ గర్ల్’. కామిక్ మూలంలో పడవను పట్టుకుని ఉన్న ప్రియుడిని పూర్తిగా తీసేసి, అలల మధ్య ఆ ముఖాన్నే మిగిల్చారు. ఆయనది ఉత్త నకలు అనేవాళ్లు ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. అలాంటి ముఖానికి చుక్క చుక్కా సమంగా ఉండాల్సిందే. కంప్యూటర్‌లో చుక్కలు చేసి అచ్చు వేయించుకోమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. రంగు మందం లేని చుక్క నాకు వద్దు.

నూనె రంగు ముద్దగా నిలుస్తుంది, నిదానంగా ఆరుతుంది, టర్పెంటైన్‌తో తుడిస్తే రేకు మీద నీటి చెమ్మ ఉండదు. చిక్కల్లా దాని మీద నీటి అక్రిలిక్ నిలవదు, ఊడిపోతుంది. ఆయనకు ఆ బాధ లేదు. ఆయన వాడిన మాగ్నా టర్పెంటైన్‌లో కరిగే అక్రిలిక్, నూనె రంగుతో కలిసిపోతుంది, ఆయన ‘వామ్!’ చిత్రంలో రెండూ ఉన్నాయి. మాగ్నా ఇప్పుడు దుకాణాల్లో లేదు కాబట్టి బొమ్మంతా నూనె జాతి రంగుల్లోనే చేస్తాను. త్వరగా ఆరే నూనె రంగు విన్సర్ అండ్ న్యూటన్ గ్రిఫిన్ ఆల్కిడ్‌లో ఎరుపు, పసుపు, నీలం, నలుపు చాలు. మామూలు నూనె రంగులా వారాల తరబడి కూర్చోబెట్టదు.

ముందు చెంపను గెస్సోతో కప్పి, అడుగు తుడవాల్సిన అవసరమే లేని దారి కూడా చూస్తాను: స్టిక్కర్లు కోసే దుకాణంలో అంటించే వినైల్ మీద ఇవే 4 మి.మీ. చిల్లులు కోయించడం. చెంపంతా ఒకే ముక్క, జరపడమే ఉండదు. అది పనిచేస్తే అద్దాలను బొమ్మలుగా వేసిన ఆయన చిత్రాల్లోలా చిన్న చుక్క నుంచి పెద్ద చుక్కకు పెరుగుతూ పోయే వెలుగును ప్రయత్నించవచ్చు. 2 నుంచి 6 మి.మీ. దాకా చిల్లుల ఫైలు గీయడం ఇప్పటికే మొదలుపెట్టాను. 6 మి.మీ. చిల్లు రావాలంటే నడిమి దూరాన్ని కనీసం 7.5కి పెంచాలి, లేకపోతే వినైల్ ఒలిచేటప్పుడు సందులు చిరిగిపోతాయి.