సున్నపు రేగడిలో రాగి: కుండీల ప్రయోగం ఎందాకా వచ్చిందంటే

మా ధర్మాబాద్ చుట్టుపక్కల దుక్కి దున్నితే నల్లరేగడితో పాటు తెల్లటి సున్నపు గులకలు పైకొస్తాయి. ఎండిన మట్టిని నలిపి రెండు చుక్కలు వెనిగర్ వేస్తే బుసబుసమని పొంగుతుంది. ఇట్లాంటి నేలలో, తెగుళ్లకని మిరపకూ నిమ్మకూ కొట్టిన రాగి చివరికి ఏమవుతుంది? పశువుల ఎరువు వేస్తే దాని గతి మారుతుందా? నా కుండీలన్నీ దీని కోసమే.

ముందు ఒక చిన్న లెక్క. తెగుళ్లకు కొట్టే ఒక శాతం బోర్డో మిశ్రమానికి 100 లీటర్ల నీళ్లు, కిలో మైలతుత్తం (కాపర్ సల్ఫేట్), కిలో సున్నం. ఆ కిలో మైలతుత్తంలో రాగి పావుకిలో. ఎకరంలో పై 15 సెంటీమీటర్ల మట్టి ఇంచుమించు 8 లక్షల కిలోలు తూగుతుంది. ఆ పావుకిలో అంతా మట్టిలో కలిసినా కిలో మట్టికి 0.3 మిల్లీగ్రాములే. మట్టి పరీక్షలో 0.2 కంటే తగ్గితేనే రాగి కొరత అంటారు కాబట్టి ఒక్క పిచికారీతోనే కొరత తీరిపోవాలి. తీరదు. సున్నపు నేలలో పీహెచ్ (మట్టి ఆమ్లమో క్షారమో చెప్పే అంకె) 8 దాటి ఉంటుంది, పీహెచ్ ఒక అంకె పెరిగితే నీటిలో విడిగా తిరిగే రాగి సుమారు వంద రెట్లు పడిపోతుంది. మిగిలింది సున్నాన్నో, ఇనుము మాంగనీసు పొరలనో, కుళ్లిన ఆకునో పట్టుకుని కూర్చుంటుంది. జింకు కంటే రాగికి సేంద్రియ పదార్థం మీద మోజు చాలా ఎక్కువ.

నాలుగు రకాల కుండీలు పెట్టాను, ఒక్కో రకానికి మూడేసి: వట్టి మట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, పచ్చి గ్లిరిసిడియా ఆకు, కందికట్టె బొగ్గు. కుండీకి 5 కిలోల మట్టి. నీడన ఆరబెట్టి ప్లాస్టిక్ జల్లెడతో జల్లించాను. ఇత్తడి జల్లెడ, రాగి చెంబు దగ్గరికి కూడా రానివ్వకండి, వాటి రాగే రిపోర్టులో కనిపిస్తుంది. కోళ్ల ఎరువునూ పక్కన పెట్టాను, దాణాలో రాగి కలుపుతారు కాబట్టి అది ఎరువులోకీ వస్తుంది.

కిలో మట్టికి 20 మిల్లీగ్రాముల రాగి చేర్చాలంటే కుండీకి 0.4 గ్రాముల మైలతుత్తం కావాలి. వంటింటి తూకంతో అది తూగదు. 4 గ్రాములు లీటరు నీళ్లలో కరిగించి కుండీకి 100 మిల్లీలీటర్లు పోస్తే సరిపోతుంది. ఇక్కడి దుకాణాల్లో మోర్చూద్ అని అడగండి. ఎరువు ఒక శాతం, అంటే కుండీకి 50 గ్రాములు. ఎకరానికి లెక్కేస్తే 8 టన్నులు, మామూలుగా వేసే దానికి రెట్టింపు. బోరు నీళ్లతో ఇంకాస్త సున్నం చేరుతుందని వాననీళ్లే పోస్తున్నాను, కుండీని తూచి తగ్గినంత.

ఇక ల్యాబ్ సంగతి. రిపోర్టులో వచ్చే రాగి అంకె డీటీపీఏ పద్ధతిది, అంటే లోహాలను పట్టి లాగే రసాయనంతో మొక్కకు అందే రాగిని అంచనా వేసేది. లిండ్సే, నార్వెల్ అనే మట్టి శాస్త్రవేత్తలు 1978లో ప్రచురించారు. 10 గ్రాముల మట్టిని పీహెచ్ 7.3 దగ్గర 20 మిల్లీలీటర్ల ద్రావణంలో రెండు గంటలు కుదిపి వడకడతారు. ఆ ద్రావణం రాగిని గట్టిగా లాగుతుంది, సేంద్రియ పదార్థం పట్టుకున్న దానిలోనూ కొంత ఊడబెరుకుతుంది. అందుకే అంకె పెరిగినంత మాత్రాన రాగి విడిపోయిందని అనుకోలేం.

మొదటి నమూనాల్లో ఈ రాగి అంకెలో అన్నిటికంటే పైన పచ్చి ఆకు కుండీలే. వాటి మట్టిని నీళ్లలో కలిపి వడకడితే లేత టీ రంగు వచ్చింది. ఆ రంగు కుళ్లుతున్న ఆకు నుంచి నీటిలో కరిగిన పదార్థానిది, రాగి దాన్ని పట్టుకుని నీటిలోనే తిరుగుతుంది. తర్వాతి నమూనాకు రంగు పోయింది, అంకె కూడా దిగింది. మాగిన ఎరువు కుండీల్లో అంత ఎగుడుదిగుడు లేదు, వట్టి మట్టి కంటే కాస్త పైనే నిలకడగా ఉంది. వట్టి మట్టిలో అంకె నమూనా నమూనాకూ తగ్గుతూనే ఉంది. బొగ్గు నాకు నచ్చలేదు. బూడిద వల్ల పీహెచ్‌ను ఇంకాస్త పైకి నెట్టే సరుకు, ఇప్పటికే 8 దాటిన నేలకు దాంతో ఏం పని? రాగి ఎక్కువై బాధపడే పాత నిమ్మతోటకైతే పనికొస్తుందేమో.

పక్క చేను మామ వచ్చి కుండీలు చూసి, ‘ఇంతకీ పెంట వెయ్యాలా వద్దా, అది చెప్పు’ అన్నాడు. వెయ్యి మామా, మాగింది వెయ్యి, అన్నాను.

రాగి ఏ రూపంలో ఎంత ఉందో విడదీయడానికి టెస్సియర్ బృందం 1979లో చెప్పిన అంచెల పద్ధతి ఉంది: విడిగా మార్పిడయ్యేది, సున్నంలోది, ఇనుము మాంగనీసు ఆక్సైడ్లలోది, సేంద్రియంలోది, రాతిలో మిగిలేది. ఇంట్లో చేసే పని కాదు, ఆమ్లాలు ప్రమాదం. ఒక కాలేజీ ల్యాబ్ చేసిపెడతానంది. వాళ్లకు ఒకటే షరతు పెట్టాను: సున్నం అంచెలో పీహెచ్ 5 అసిటేట్ ద్రావణం ఒక్కసారి పోసి వదిలెయ్యొద్దు, పొంగు ఆగేదాకా మళ్లీ పోయాలి. మా మట్టిలో సున్నం అంత తేలిగ్గా అయిపోదు, మిగిలిన సున్నంలోని రాగి ఇనుము ఖాతాలో పడిపోతుంది.

అక్కడికి పంపే మట్టి విడిగా తీసి ఆరబెట్టాను. మిగిలిన మట్టిలో ఈ వారం మిరప నారు నాటుతున్నా. వేళ్లు దిగాక ఆకుల్లోకి ఎంత రాగి వచ్చిందో చూసి మళ్లీ రాస్తాను.