అండర్‌హుక్ నా చేతికి చిక్కడానికి ఏడు నెలలు పట్టింది

నిన్న సాయంత్రం కుస్తీ పోటీలో 4-2తో గెలిచాను. రెండు టేక్‌డౌన్లూ (ఎదుటివాణ్ణి నేలకు దించడం) క్లించ్‌లోంచే, అంటే ఇద్దరం దగ్గరగా పెనవేసుకున్నప్పుడే వచ్చాయి. కుడి భుజం ఇంకా సలుపుతోంది. ఎదుటివాడి దవడకు ఆనించిన చోట నుదురు ఎర్రగా కమిలిపోయింది. ఈ నొప్పి తగ్గేలోపే రాసేద్దామని కూర్చున్నాను. ఏడు నెలల క్రితం ఎవరైనా ఇదంతా విడమరిచి చెప్పి ఉంటే నేను అన్నిసార్లు వెల్లకిలా పడేవాణ్ణి కాదు.

ఫ్రీస్టైల్ కుస్తీలో చేరడం, దెబ్బ తగలకుండా పడటం, మోకాళ్ళు వంచి నిలబడటం మొదటి నెలలోనే అయిపోయాయి. దూరం నుంచి కాళ్ళ మీదికి దూకే సింగిల్ లెగ్, డబుల్ లెగ్ కూడా ఓ మాదిరిగా వచ్చాయి. వాటి గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. అసలు కష్టం ఇద్దరూ దగ్గరికొచ్చి, తలా తలా ఆనించి, చేతులు పెనవేసుకున్నాక మొదలవుతుంది.

తెలియనివాళ్ళ కోసం కొంచెం చెబుతాను. క్లించ్‌లో పట్లు చాలానే ఉన్నాయి. చెయ్యి మెడ వెనక వేసి తలను లాగి పట్టుకుంటే కాలర్ టై. ఎదుటివాడి చంక కిందినుంచి చెయ్యి దూర్చి భుజాన్ని పైకి ఎత్తితే అండర్‌హుక్. అతని చేతిని పైనుంచి చుట్టి బిగిస్తే ఓవర్‌హుక్. అతని ఒక్క చేతిని మన రెండు చేతులతో పడితే రష్యన్ టై. నడుము చుట్టూ చేతులు కలిపేస్తే బాడీ లాక్. గ్రీకో రోమన్ అనే ఇంకో రకం కుస్తీలో నడుము కింద పట్టుకోకూడదు, కాలు మెలిక వేయకూడదు. ఫ్రీస్టైల్‌లో ఆ అడ్డు లేదు. పైన చేతులతో పోరాడుతూనే కింద కాలికి కాలు వేయొచ్చు, మోకాలు అందుకోవచ్చు. అందుకే ఫ్రీస్టైల్ క్లించ్ అంత లోతైనది. నాకు అంత ఆలస్యంగా అర్థమైంది కూడా అందుకే.

మొదట నేర్చుకున్న చోట ఈ సంగతులేవీ చెప్పలేదు. క్లించ్‌లో నేను ఓడిపోయిన ప్రతిసారీ అక్కడి ట్రైనర్ ఒకే మాట అనేవాడు: "నీకు బలం చాలట్లేదు." సరేనని బరువులెత్తాను, తాళ్ళెక్కాను, పుషప్స్ తీశాను. నాలుగు నెలలు అలా గడిచాయి. చేతులు లావెక్కాయి గానీ నన్ను పడగొట్టేవాళ్ళు పడగొడుతూనే ఉన్నారు. నాకు ఆ మనిషి మీద ఇప్పటికీ కోపమే. విద్యార్థి ఎందుకు పడుతున్నాడో చూడకుండా బలం లేదనేస్తే చెప్పేవాడికి పని తప్పుతుంది, నేర్చుకునేవాడికి నెలలు పోతాయి. మీ ట్రైనర్ కూడా ఇదే మాట మళ్ళీ మళ్ళీ అంటుంటే వేరే చోటు వెతుక్కోండి. నేను మొహమాటపడి ఆగిపోయాను, అదే నా తప్పు.

అక్కడ ఉండగానే నా మొదటి పోటీ జరిగింది. ఎదుటివాడు నాకన్నా నాలుగైదేళ్ళు చిన్న. చేతులు సన్నగా ఉన్నాయి. విజిల్ మోగగానే దగ్గరికి లాక్కున్నాను. ఒకవైపు నాకు అండర్‌హుక్, రెండోవైపు అతనికి. నా బలమంతా పెట్టి ఛాతీతో నెట్టాను. అతను వెనక్కి తగ్గుతున్నాడు, నేను గెలుస్తున్నాననుకున్నాను. ఉన్నట్టుండి అతని బరువు నా ముందునుంచి మాయమైంది. పక్కకు తిరుగుతూ తనతోపాటు నన్నూ లాక్కుని పడ్డాడు. కళ్ళు తెరిచేసరికి పైన లైట్లు కనిపించాయి. నిలబడ్డవాణ్ణి నేరుగా వీపు మీద పడేస్తే 4 పాయింట్లు. ఎలాగో బోర్లా తిరిగి బయటపడి లేచాను. ఈసారి ఇంకా గట్టిగా నెట్టాను. మళ్ళీ అదే త్రో, అదే వైపు. 8-0. మూడోసారి కూడా అదే. ఫ్రీస్టైల్‌లో 10 పాయింట్ల తేడా వస్తే ఆట అక్కడితో ఆపేస్తారు. 12-0. మూడు నిమిషాల పీరియడ్‌లో సగం కూడా గడవలేదు.

ఓడిపోవడం నన్ను అంతగా బాధపెట్టలేదు. ఒకే త్రోకు మూడుసార్లు దొరికిపోయి కూడా ఏం జరిగిందో తెలియకపోవడమే నన్ను తినేసింది. మ్యాట్ దిగాక ట్రైనర్‌ను అడిగాను. "చెప్పాను కదా, బలం" అన్నాడు. ఆ పిల్లాడి చెయ్యి నా చేతిలో సగం ఉంటుంది! ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వారం తిరక్కుండానే ఆ చోటు వదిలేశాను.

కొత్త చోట కోచ్ ఒక మేడమ్. ఒకప్పుడు తనూ పోటీల్లో ఆడినావిడే. మొదటి రోజు నన్ను క్లించ్‌లో నిలబడమని చెప్పి చుట్టూ తిరిగి చూసింది. ఏమీ మాట్లాడకుండా నా నుదుటికీ పార్ట్‌నర్ దవడకీ మధ్య తన అరచెయ్యి పెట్టింది. చెయ్యి సులువుగా దూరిపోయింది.

"ఇక్కడ నా చెయ్యి దూరకూడదు. నీ తల ఎక్కడుంది?"

నా తల అతని భుజం దాటి అవతలికి వేలాడుతోంది. అక్కడ తల ఉంటే దేనికీ ఆనదు, దేన్నీ ఆపదు. ఛాతీ ముందుకు, పాదాలు వెనక్కి, తల గాల్లో. నా బరువంతా ఎదుటివాడి చేతికే అప్పగించాను. అతను పక్కకు తప్పుకుంటే చాలు, నేను పడిపోవాల్సిందే. 12-0 ఎలా వచ్చిందో ఆ అరచెయ్యి పెట్టిన నిమిషంలో తెలిసింది. సిగ్గు, కోపం, తేలిక అన్నీ ఒకేసారి కలిగాయి.

తర్వాత రెండు వారాలు ఆవిడ నన్ను చేతులు వాడనివ్వలేదు. ఇద్దరం చేతులు వెనక్కి కట్టుకుని, నుదుళ్ళు ఆనించి, తలతోనే ఒకరినొకరు మ్యాట్ మీద తిప్పుకోవాలి. మెడ నరాలు లాగేసేవి. కానీ అప్పుడే అర్థమైంది, తల మూడో చెయ్యి లాంటిది. కుడివైపు అండర్‌హుక్ ఉంటే నా నుదురు అదే వైపు అతని దవడ పక్కన బిగుసుకుని ఉండాలి. అప్పుడు అతను నావైపు తిరగలేడు. తిరగలేనివాడు తుంటి తిప్పి విసరలేడు.

ఆ తర్వాత పమ్మెలింగ్. ఛాతీకి ఛాతీ ఆనించి, ఈత కొట్టినట్టు ఒక చెయ్యి తర్వాత ఒకటి లోపలికి దూర్చడం, అతను దూర్చింది తీసి మళ్ళీ మనది దూర్చడం. చూడటానికి ఆటలా ఉంటుంది. రోజూ పావుగంట చేస్తే భుజాలు పచ్చి పుండవుతాయి. ఇక్కడ నేను చేసిన తప్పు మోచెయ్యి. చెయ్యి దూర్చగానే పని అయిపోయిందనుకుని మోచెయ్యి కిందికి వదిలేసేవాణ్ణి. అండర్‌హుక్ అంటే చెయ్యి అక్కడ ఉండటం కాదు, ఎత్తడం. అరచెయ్యి అతని భుజం వెనకనుంచి పైకి చుట్టుకోవాలి, నా మోచెయ్యి పైకి లేవాలి, అతని మోచెయ్యి అతని పక్కటెముకలకు దూరం కావాలి. సరిగ్గా పడితే అతని మడమ నేలమీద తేలికవడం మనకు భుజంలో తెలుస్తుంది. ఆ తేలిక మొదటిసారి నా భుజానికి తగిలిన రోజు నాకు బాగా గుర్తుంది. ఇప్పుడు మా దగ్గర నా కుడి అండర్‌హుక్‌ను తీసేయగలిగేవాళ్ళు ఇద్దరే ఉన్నారు. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను.

చేతులు, తల కుదిరినా టేక్‌డౌన్ మాత్రం ఇంకో రెండు నెలలదాకా రాలేదు. కారణం పాదాలు. క్లించ్‌లో నిలబడి ఉన్నవాణ్ణి పడేయలేం, అడుగు వేస్తున్నవాణ్ణి పడేస్తాం. అందుకే ముందు అతనిచేత అడుగు వేయించాలి. కుడి అండర్‌హుక్‌తో అతని ఎడమ భుజాన్ని ఎత్తి నా చుట్టూ తిప్పితే, పడిపోకుండా అతను కుడికాలు ముందుకు వేయక తప్పదు. ఆ పాదం మీద బరువు పడిన క్షణంలో నా ఎడమచెయ్యి ఆ కుడి మోకాలి వెనక్కి వెళ్ళాలి. మోకాలిని ఎత్తక్కర్లేదు, కదలకుండా ఆపితే చాలు. మిగతాది అండర్‌హుక్, తల, నా నడక చూసుకుంటాయి. అతణ్ణి ఆ మోకాలి మీదుగా ఐమూలగా నడిపించేయాలి. దీన్నే నీ పిక్ (knee pick, అంటే మోకాలు అందుకోవడం) అంటారు. ఒక్క క్షణం ముందు చెయ్యి వేస్తే కాలు వెనక్కి లాగేస్తాడు, ఆలస్యమైతే రెండో కాలు కూడా సర్దుకుంటాడు.

వీడియోలు చూసి నేర్చుకుందామనుకునేవాళ్ళకు ఒక మాట. టెక్నిక్ చెప్పే చాలా వీడియోల్లో కెమెరా నడుము పైనే ఉంటుంది, పాదాలు కనిపించవు. నాకు అవి ఉపయోగపడలేదు. వాటికి బదులు బువైసార్ సైతియెవ్ పాత పోటీలు చూడండి. 1996, 2004, 2008 ఒలింపిక్స్‌లో స్వర్ణాలు గెలిచిన మనిషి. పైన చేతులు తీరిగ్గా మెడ మీద, మణికట్టు మీద ఆడుతుంటాయి, కింద పాదం సరైన సమయానికి అడ్డం వచ్చేస్తుంది. నేను సౌండ్ తీసేసి, తెర పై సగానికి కాగితం అడ్డం పెట్టి ఆయన పాదాలు మాత్రమే చూసేవాణ్ణి. నెల రోజులు చూశాను. ఏ కోచింగ్ వీడియో నాకు అంత నేర్పలేదు.

స్నాప్ డౌన్ మాత్రం తొందరగానే వచ్చింది. మనం నెడితే అతను తిరిగి నెడతాడు, అప్పుడు తలను కిందికి లాగి అతని వెనక్కి వెళ్ళాలి. తలను రెండు చేతులతో బంధిస్తే ఫౌల్, అతని ఒక చెయ్యి కూడా ఆ పట్టులో కలవాలి. అంతే.

పార్ట్‌నర్ల గురించి చెప్పకుండా ముందుకు పోలేను. కొందరు ఎదుటివాణ్ణి బస్తాలా వాడతారు, ప్రాక్టీస్‌లో కూడా పూర్తి బరువుతో మీద పడతారు. నాతో రోజూ పమ్మెలింగ్ చేసిన తమ్ముడు ఒక్కసారి కూడా అలా చేయలేదు. నేను తల తప్పు పెట్టినప్పుడల్లా విసిరేసేవాడు, కానీ పడేటప్పుడు తన మోకాలు నేలకు ఆనించి నా పక్కటెముకల మీద బరువు పడకుండా చూసుకునేవాడు. లేచాక "అన్నా, మళ్ళీ" అనేవాడు. అలాంటివాడు దొరికితే వదలకండి. పక్కవాణ్ణి గాయపరిచి నేర్చుకున్న విద్య నాకు విద్యలా అనిపించదు.

ఇక నిన్నటి సంగతి. ఎదుటివాడు నాకన్నా పొడుగు. మొదటి పీరియడ్‌లో నేను అండర్‌హుక్ కోసమే పోరాడుతూ దాడి చేయలేదని రిఫరీ ముందు హెచ్చరించాడు, తర్వాత 30 సెకన్ల క్లాక్ పెట్టాడు. ఆ 30 సెకన్లలో పాయింట్ రాకపోతే ఎదుటివాడికి ఒకటి వెళ్ళిపోతుంది. వెళ్ళిపోయింది. 0-1. టెన్షన్ వచ్చింది గానీ నెట్టలేదు, నుదురు బిగించి ఉంచాను. రెండో పీరియడ్ మొదట్లో అతని కుడికాలు ముందుకొచ్చింది. చెయ్యి దానంతటదే వెళ్ళింది. మోకాలు నా అరచేతిలో ఉంది, అతను కూర్చుండిపోయాడు. 2-1.

తర్వాత అంచు దగ్గర నన్ను బయటికి నెట్టి ఒకటి తెచ్చుకున్నాడు. 2-2. నేను వెనకబడ్డాననుకుని కంగారుగా ముందుకు దూకబోయాను. మూల నుంచి మేడమ్ అరిచింది: "నువ్వే ముందున్నావు! తల!" నిజమే. స్కోరు సమమైతే ఎక్కువ విలువైన పట్టు ఎవరిదో ముందు చూస్తారు. నాది 2 పాయింట్ల టేక్‌డౌన్, అతనివి రెండూ ఒక్కో పాయింట్. ఈ రూల్ తెలియకపోతే అక్కడే మళ్ళీ గుడ్డిగా నెట్టి వీపు మీద పడేవాణ్ణి. దయచేసి పోటీకి ముందు రూల్స్ చదవండి, ఎవరో చెబుతారని కూర్చోకండి.

ఇప్పుడు ముందుకు రావాల్సింది అతనే. ఇందాకటి మోకాలి పట్టు గుర్తున్నట్టుంది, కుడికాలు వెనకే దాచుకున్నాడు. దాంతో బరువంతా ఎడమకాలి మీదే ఉంది. అతను దగ్గరికి రాగానే అండర్‌హుక్ నుంచి నడుము చుట్టూ చేతులు కలిపేశాను. నా కుడికాలు అతని కాళ్ళ మధ్యకు వెళ్ళి లోపలినుంచి ఆ ఎడమ మడమను కొక్కెంలా పట్టింది. ఛాతీ ఆ కాలి మీదికే వంచాను. ఇద్దరం చెట్టు విరిగినట్టు పడ్డాం. అతను గాల్లోనే తిరిగి పక్కకు పడ్డాడు గనక 4 రాలేదు, 2 వచ్చాయి. 4-2. మిగిలిన 40 సెకన్లు అతని చెయ్యి పట్టుకుని చుట్టూ తిరుగుతూనే గడిపాను.

రాత్రి తమ్ముడు తీసిన వీడియో మేడమ్‌కు చూపించాను. మెచ్చుకుంటుందేమోనని చూస్తున్నాను. రెండుసార్లు వెనక్కి తిప్పి ఒకచోట ఆపింది. నేను ఎడమ అండర్‌హుక్‌కు ప్రయత్నించిన నాలుగుసార్లూ మోచెయ్యి కిందికి జారిపోయి ఉంది. "సోమవారం నుంచి ఎడమవైపు" అంది.