పదకొండు రోజుల్లో మా తమ్ముడి రిసెప్షన్: ప్లేట్ల లెక్క దగ్గర జాగ్రత్త

మొన్న గురువారం మా తమ్ముడి రిసెప్షన్ అయింది. దాని లెక్కలు తేలేసరికి నిన్న శనివారం రాత్రయింది. నెల రోజులు ఆగితే నేను కూడా "పోనీలే" అనేస్తానని భయం వేసి ఈ రోజే రాస్తున్నాను. అందరం పోనీలే అని ఊరుకోబట్టే కొందరి వ్యాపారం అలా సాగిపోతోంది.

తమ్ముడు సైన్యంలో ఉన్నాడు. శ్రావణంలో సంబంధం కుదిరింది. నాకు బడి సెలవులు కూడా కలిసొస్తాయని పెళ్లి వేసవిలో పెట్టుకుందాం అనుకున్నాం. ఇంతలో ఒక రాత్రి ఫోన్ చేశాడు. "అక్కా, ఇప్పుడు ఇరవై రోజులు సెలవిచ్చారు. వేసవికి దొరుకుతుందో లేదో చెప్పలేను" అన్నాడు. పంతులుగారిని అడిగితే కార్తీకంలో ఒక్క ముహూర్తం ఉంది, అది దాటితే మూఢం వస్తుంది అన్నారు. అమ్మాయివాళ్లది తుని. వాళ్లు ఒక్కమాట కూడా అనకుండా అన్నవరం కొండ మీద పెళ్లికి ఏర్పాట్లు చేసేసుకున్నారు. రిసెప్షన్ మావైపు, తెనాలిలో. నాన్న పోయి నాలుగేళ్లయింది. అమ్మకు మోకాళ్ల నొప్పులు. కాబట్టి భారమంతా నా మీదే పడింది. చేతిలో పదకొండు రోజులు, లక్ష రూపాయలు ఉన్నాయి. అప్పు చేయకూడదని అమ్మ ముందే ఒట్టు వేయించుకుంది.

హాలు ఒక్కరోజులో దొరికింది. ముందు రెండు పెద్ద కల్యాణ మండపాలకు వెళ్లాం. ఒకచోట అద్దె చెప్పకముందే "ఎంతమంది వస్తారు?" అని అడిగి, 250 అనగానే మళ్లీ ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టాడు. ఇంకోచోట డెకరేషన్ కూడా వాళ్లదే తీసుకోవాలట, బయటివాళ్లను పెట్టుకుంటే దానికి వేరే డబ్బు కట్టాలట. మా ఆయన స్నేహితుడు చెబితే రిటైరైన ఉద్యోగుల సంఘం హాలు చూశాం. అద్దె 6,000. కరెంటు మీటరు చూసి వసూలు చేస్తారు. శుభ్రం చేసినవాళ్లకు విడిగా ఇవ్వాలి. ఆ రెండూ కలిపి 2,600 అయ్యాయి. ఏసీ లేదు, కార్తీకమాసం రాత్రి ఏసీతో పనేముంది? ఊళ్లో ఇలాంటి సంఘాల హాళ్లు ఉంటాయి, బోర్డులు కూడా సరిగ్గా ఉండవు. పెద్దవాళ్లను అడిగితేనే తెలుస్తాయి.

పిలుపులకు మూడు సాయంత్రాలు పట్టింది. కార్డులు వేయించలేదు. ఫోన్లో ఒక బొమ్మ చేసి పంపాం. కానీ దగ్గరివాళ్లను మాత్రం అమ్మను స్కూటీ మీద ఎక్కించుకుని వెళ్లి బొట్టు పెట్టి పిలిచాం. కొల్లిపర, అమృతలూరు, కొల్లూరు అన్నీ తిరిగాం. మోకాళ్లు నొప్పిగా ఉన్నా మెట్లెక్కి మరీ బొట్టు పెట్టింది మా అమ్మ. అయినా మా నాన్న తరఫు ఒకావిడ "ముందు ఫోన్లో మెసేజ్ వచ్చింది, తర్వాత మనిషి వచ్చింది, ఇదేం వరస" అని రాలేదు. పెళ్లికి రావడానికి వరస వెతికేవాళ్లు చావుకు మాత్రం అడక్కుండానే వస్తారు. రానిమ్మనండి, రాకపోనిమ్మనండి. అలాంటివాళ్ల కోసం కార్డులకు వేలు పోయకండి.

స్టేజీ గురించి చెప్పాలి, ఎందుకంటే దాన్ని చూసి అందరూ ఎంత ఖర్చయిందని అడిగారు. కార్తీకంలో పూలు అగ్గిలా మండుతుంటాయి. పూలతో స్టేజీ అంతా కట్టాలంటే ఇరవై వేలకు తక్కువ లేదన్నారు. నేను అమ్మ పట్టుచీరలు, మా అత్తగారివి, నావి కలిపి పద్నాలుగు తీశాను. వెనక తెరగా కుచ్చిళ్లు పోసి వేలాడదీశాం. నాన్న అమ్మకు కొన్న మొదటి పట్టుచీర, ముదురాకుపచ్చ రంగుది, సరిగ్గా మధ్యలో పెట్టాను. కొల్లిపర వైపు నుంచి గెలలతో ఉన్న అరటి బోదెలు రెండు ఆటోలో తెప్పించాం. కొబ్బరాకులు మా ఇంటి చెట్టువే. రవాణా, కట్టినవాళ్ల కూలి కలిపి 2,500. దండలు, బంతి తోరణాలు 3,500. అంత అందమైన స్టేజీ మా చుట్టాల్లో ఏ పెళ్లిలోనూ చూడలేదు. ఈ మాట గర్వంగానే చెప్తున్నాను. తమ్ముడు ఆ ఆకుపచ్చ చీర ముందు నిలబడి చాలాసేపు మాట్లాడలేదు.

ఇక భోజనాలు.

మా ఇళ్లల్లో ఇరవై ఏళ్లుగా వంట చేసే మాస్టారు ఒకాయన ఉన్నారు. సరుకులు మనం తెచ్చిస్తే వండిపెట్టి కూలి తీసుకుని వెళ్తారు. ఆయన దొరికుంటే ఈ రాత అక్కర్లేకపోను. కార్తీకమాసంలో వంటవాళ్లకు ఊపిరి సలపదు. ఆదివారాలు వనభోజనాలు, మిగతా రోజులు గుళ్లల్లో సమారాధనలు, అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లకు భిక్షలు. "గురువారమా తల్లీ, నెల కిందటే మాటిచ్చేశాను" అన్నారాయన. అందుకని ప్లేటు లెక్కన చేసే క్యాటరింగ్ అతని దగ్గరకు వెళ్లాం. పేరు రాయను.

కార్తీకం కాబట్టి మాంసం గొడవ లేదు, అదొక్కటి కలిసొచ్చింది. బూరె, మిర్చి బజ్జీ, పులిహోర, వెజ్ బిర్యానీ, కుర్మా, గుత్తివంకాయ, బంగాళదుంప వేపుడు, గోంగూర పచ్చడి, కందిపొడి నెయ్యి, సాంబారు, అప్పడం, పెరుగు, ఐస్‌క్రీమ్. ప్లేటు 190 రూపాయలు. 250 ప్లేట్లకు గ్యారంటీ, పైన ఎన్ని లేస్తే అన్నిటికీ అదే రేటు. అడ్వాన్సు 15,000 ఇచ్చాం. నోటిమాట తప్ప కాగితం లేదు. వంట బాగా చేశాడు, అందులో అబద్ధం ఆడను. గుత్తివంకాయ అందరూ మళ్లీ మళ్లీ వేయించుకున్నారు.

రాత్రి పదింపావుకు జనం పల్చబడ్డారు. తుని నుంచి రైల్లో వచ్చిన ఇరవై రెండు మంది భోజనాలు ముగించి కూర్చున్నారు. క్యాటరింగ్ అతను చేతులు తుడుచుకుంటూ వచ్చి "365 ప్లేట్లు లేచాయమ్మా" అన్నాడు.

నేను మొదట సరిగ్గా వినలేదేమో అనుకున్నాను. 365 ఇంటూ 190, మొత్తం 69,350. అడ్వాన్సు పోను 54,350. నా సంచిలో ఉన్నది 35,000. మహా అయితే 260 అవుతుందని, అప్పటికీ సరిపోయేలా తెచ్చుకున్న డబ్బు అది. బ్యాంకులో నెలాఖరు దాకా మా ఇల్లు గడవాల్సిన నాలుగువేలు తప్ప ఏమీ లేవు.

"అంతమంది రాలేదండీ. హాలే రెండొందల మందికి మించి పట్టదు" అన్నాను.

"వస్తారు పోతారమ్మా. మావాళ్లు లెక్కపెట్టారు. ప్లేట్లు అబద్ధం చెప్తాయా?"

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ప్లేట్లు అబద్ధం చెప్తాయి. కడిగి వాడే ప్లేట్లతో బఫే పెడితే, తిన్న ప్లేటు వెనక్కి వెళ్లి, కడిగి, తుడిచి, మళ్లీ దొంతరలో చేరుతుంది. మొదట ఎన్ని తెచ్చాడు, ఎన్నిసార్లు కడిగి పెట్టాడు అన్నది అతని మనుషులకే తెలుసు. చిన్నపిల్లలు సగం తిని వదిలేసిన ప్లేటు ఒకటి. బజ్జీలకని ఒక ప్లేటు, అన్నానికి ఇంకో ప్లేటు తీసుకున్నవాళ్లు ఉంటారు. చివర్లో అతని పనివాళ్లు తిన్నవీ అందులోనే. ప్లేట్ల దగ్గర మా పిన్ని కొడుకును నిలబెట్టాను. వాడు ఒక గంట నిలబడి, ఫొటోలకు పిలిచారని వెళ్లిపోయాడు. వాడి కాగితంలో 140 దగ్గర గీతలు ఆగిపోయాయి.

నేను ఇదంతా చెప్పబోతుంటే అతను గొంతు పెంచాడు. హాలంతా వినబడేలా, "పెట్టుకోలేనప్పుడు ఇంతమందిని పిలవడం ఎందుకండీ?" అన్నాడు.

ఆ మాట ఇంకా నా చెవుల్లో ఉంది. సన్నగా వినిపిస్తున్న సన్నాయి పాటను ఎవరో ఆపేశారు. తుని వాళ్లందరూ తలలు తిప్పి చూశారు. మా మరదలు, అది మా ఇంటికి వచ్చి మూడో రోజు, తల వంచుకుని కొంగు అంచు పట్టుకుని కూర్చుంది. తమ్ముడు స్టేజీ దిగి వస్తున్నాడు. వాడి మొహం చూసి నాకు భయం వేసింది. వెళ్లి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. "నువ్వు పెళ్లికొడుకువి, ఇవాళ నువ్వు మాట్లాడకు" అన్నాను. అప్పుడు మా మరదలి నాన్నగారు లేచారు. పెళ్లి ఖర్చంతా ఒక్క మాట అనకుండా పెట్టుకున్న మనిషి. జేబులోంచి పర్సు తీస్తూ "చెల్లెమ్మగారూ, మనలో మనకేముంది, నా దగ్గరున్నాయి" అన్నారు.

ఆయన ప్రేమగానే అన్నారు. కానీ అంతకంటే అవమానం నాకు ఈ జన్మలో లేదు. మగపెళ్లివారం అయ్యుండి మా ఇంట్లో జరిగే విందుకు ఆడపిల్ల తండ్రి చేత డబ్బు కట్టించడమా? కట్నం వద్దని చెప్పి చేసుకున్న పెళ్లి ఇది.

అమ్మ లేచింది. "వద్దన్నయ్యగారూ, మీరు కూర్చోండి" అంది. నేరుగా బాబాయ్ దగ్గరకు వెళ్లి, చదివింపుల సంచి తెచ్చి భోజనాల బల్ల మీద బోర్లించింది. అందరి ముందూ కవర్లు చించడం మొదలుపెట్టాం. నేను చించుతున్నాను, మా ఆయన లెక్కపెడుతున్నాడు, బాబాయ్ వణుకుతున్న చేత్తో పేరు పేరునా పుస్తకంలో రాస్తున్నాడు. 516, 1,116, ఒకదాంట్లో 116. రూపాయి బిళ్ల అతికించిన ఆ కవర్లు ఇంటికెళ్లి, స్నానం చేసి, దేవుడి ముందు పెట్టి విప్పాల్సినవి. ఎవరెంత చదివించారో పక్కన నిలబడ్డవాళ్లందరికీ తెలిసిపోయింది. 116 చదివించిన ఆవిడ మా వీధిలో ఇళ్లల్లో పని చేసుకుంటుంది. అప్పటికి ఇంకా అక్కడే ఉంది. ఆవిడ మొహం నేను చూడలేకపోయాను. తక్కువైన 19,350 అలా పోగుచేసి అతని చేతిలో పెట్టాం. రెండుసార్లు లెక్కపెట్టుకుని వెళ్లాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి హాల్లో సామాను తెచ్చుకోవడానికి వెళితే కిళ్లీల డబ్బా కనబడింది. కిళ్లీలు అతనివి కావు, వేరే కొట్లో 300 చెప్పాం, పది రూపాయలు ఒకటి. డబ్బా విప్పి లెక్కపెడితే 38 మిగిలాయి. అంటే పోయినవి 262. పిల్లలు వేసుకోరు, నిజమే, కానీ రెండేసి వేసుకునేవాళ్లూ ఉంటారు. ఇంటికొచ్చి చదివింపుల పుస్తకం తీశాను. 104 కుటుంబాలు. ఇంటికి ఇద్దరు ముగ్గురు చొప్పున చూసినా 260. తుని వాళ్లు ఇరవై రెండు మంది. ఎంత ధారాళంగా వేసినా 300 దాటదు. నాకు పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది.

నిన్న సాయంత్రం నేను, మా ఆయన, బాబాయ్ అతని దగ్గరకు వెళ్లాం. మొదట "అయిపోయిన భోజనాలకు లెక్కలేంటి" అన్నాడు. మా ఆయన పోనీ వెళ్దాం అన్నారు. నేను వెళ్లలేదు. అతని ముందు బల్ల మీద పెళ్లి మాట్లాడుకోవడానికి వచ్చిన రెండు కుటుంబాలవాళ్లు కూర్చుని ఉన్నారు. నేను నిలబడి పుస్తకం విప్పి, అరవకుండా, బడిలో పాఠం చదివినట్టు చదివాను. కిళ్లీలు 262. కుటుంబాలు 104. హాల్లో కుర్చీలు 200. మీరు చెప్పిన ప్లేట్లు 365. "మేం 300కి ఒప్పుకుంటున్నాం, 57,000. మిగతా 12,350 ఇప్పించండి" అన్నాను. వచ్చినవాళ్లలో ఒక పెద్దాయన "అమ్మా, ఆ కిళ్లీల సంగతి మళ్లీ చెప్పు" అన్నారు. అంతే, అతను లేచి నన్ను పక్కకు రమ్మన్నాడు. రానన్నాను, ఇక్కడే ఇవ్వమన్నాను. 9,000 లెక్కపెట్టి ఇచ్చాడు. మిగతాది గ్యాస్ అని, కూలి అని ఏదో గొణిగాడు. ఆ రోజు రాత్రి అన్న మాటకు మాత్రం క్షమించమని ఒక్క ముక్క కూడా చెప్పలేదు. నాకు ఆ 3,350 పోయినందుకు లేదు బాధ, ఆ మాట చెప్పనందుకే ఉంది.

మీరెవరైనా ఇలా హడావుడిగా చేయాల్సి వస్తే, సరుకులు మీరు తెచ్చి వంటమాస్టారుకు కూలి ఇచ్చే పద్ధతే మేలు. తప్పక ప్లేటు లెక్కకు పోతే ఒక్కసారి వాడి పారేసే ప్లేట్లు మీరే కొనండి. పాతికో యాభయ్యో ఉన్న కట్టలు మీ కళ్ల ముందు విప్పించండి, మిగిలినవి మీరే లెక్కపెట్టుకోండి. ప్లేట్ల దగ్గర పెళ్లి ఈడు కుర్రాళ్లను పెట్టకండి, ఫొటో అంటే కాళ్లు నిలవవు. రిటైరైన మాస్టారు ఒకరిని కుర్చీ వేసి కూర్చోబెట్టండి. కిళ్లీలు మాత్రం వేరే కొట్లోనే చెప్పండి.

మొత్తం ఖర్చు, ఆ 9,000 తీసేస్తే, 92,350. భోజనాలకు 60,350 పోయాయి. లైట్లు, మైకుకు 4,000. ఫొటోలకు 8,000, తీసింది మా వీధి కుర్రాడే. కిళ్లీలు 3,000, నీళ్ల బాటిళ్లు 2,400. మిగతావి పైన రాశాను. లక్ష దాటలేదు. అప్పు చేయలేదు.

రాత్రి ఇంటికి రాగానే ఆ 9,000 అమ్మకిచ్చాను. అమ్మ అందులోంచి 116 తీసి విడిగా పెట్టింది. ఈ పొద్దున పనిచేసే ఆవిడ ఇంటికి మరదల్ని తీసుకుని వెళ్లింది, చీర పెట్టి, ఆవిడ కాళ్లకు దణ్ణం పెట్టించి వచ్చింది.